రోహిణి కార్తెలో కారవాన్: కరెంటు చాలేలా ప్రయాణించడం ఎలా?

టెంపో ట్రావెలర్‌లోనో, పాత మినీ బస్సులోనో పడకలు, వంటగట్టు, చిన్న ఫ్రిజ్, ఏసీ అమర్చుకుని, బండినే కారవాన్‌గా మార్చుకుని కుటుంబమంతా బయలుదేరేవాళ్లు ఇప్పుడు ఉత్తరాంధ్ర రోడ్ల మీద కూడా కనిపిస్తున్నారు. పిల్లలకు సెలవులు మేలో వస్తాయి, ఎండలూ అప్పుడే ముదురుతాయి. కళింగపట్నం తీరంలో రాత్రి పదకొండింటికి బ్యాటరీ ఖాళీ అయి ఫ్యాను ఆగిపోతే బండిలో ఎవరికీ నిద్ర ఉండదు. పసిపిల్లలూ పెద్దవాళ్లూ ఉంటే అది ఇబ్బందితో పోయేది కాదు, ఆరోగ్యం మీదికి వస్తుంది. అందుకే శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఎండకూ గాలికీ తగ్గట్టు బండిలో కరెంటును ఎలా సర్దుకోవాలో వివరంగా చెబుతున్నాను.

ముందుగా నా అభిప్రాయం. ఎండాకాలంలో కరెంటు చాలుతుందా లేదా అన్నది బండిని ఎక్కడ, ఎటు తిప్పి ఆపారన్న దాన్ని బట్టే చాలావరకు తేలిపోతుంది. బ్యాటరీ ఎంత పెద్దదన్నది ఆ తర్వాతి సంగతి. చాలామంది ముందు పెద్ద బ్యాటరీ కొంటారు, తర్వాత ఏసీ పెట్టిస్తారు, నీడ గురించి చివర ఆలోచిస్తారు. ఈ వరుసను తిరగేయండి.

మొదట లెక్క రాసుకోండి

వాట్లు, యాంపియర్లు కలిపేసుకుని తికమక పడకుండా, ఇంటి కరెంటు బిల్లులో ఉండే యూనిట్లలోనే లెక్క వేయండి. వెయ్యి వాట్ల పరికరం గంట నడిస్తే ఒక యూనిట్. 12 వోల్టుల 100 యాంపియర్-అవర్ బ్యాటరీలో పేరుకు 1.2 యూనిట్లు ఉంటాయి. అది ఇళ్లలో ఇన్వర్టర్‌కు పెట్టుకునే సీసం బ్యాటరీ అయితే సగానికి మించి వాడకూడదు, వాడితే త్వరగా చెడిపోతుంది. అంటే చేతికి వచ్చేది 0.6 యూనిట్. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకమైతే ఎనభై శాతం దాకా ధైర్యంగా వాడుకోవచ్చు. 200 యాంపియర్-అవర్ లిథియం బ్యాటరీ ఉంటే దాదాపు 2 యూనిట్లు మీ చేతిలో ఉన్నట్టు.

ఇప్పుడు ఖర్చు చూడండి. 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ నడిచేటప్పుడు 40 నుంచి 60 వాట్లు తీసుకుంటుంది. చల్లని కాలంలో కాసేపు నడిచి ఎక్కువసేపు ఆగుతుంది కానీ, మేలో దానికి విశ్రాంతి తక్కువ. రోజుకు 0.6 నుంచి 0.7 యూనిట్ దానికే పెట్టేయండి. 25 వాట్ల డీసీ ఫ్యాన్లు రెండు, పద్నాలుగు గంటలు తిరిగితే 0.7. లైట్లు, ఫోన్లు, ఒక ల్యాప్‌టాప్, నీళ్ల పంపు కలిపి 0.4. పచ్చడికి మిక్సీ పది నిమిషాలు వేస్తే 0.1 లోపే. మొత్తం మీద రెండు యూనిట్లకు కాస్త తక్కువ.

ఏసీ మాటకు వస్తే కథ మారుతుంది. ఒక టన్ను ఏసీ వెయ్యి వాట్లకు అటూ ఇటూగా లాగుతుంది. ఇన్వర్టర్ రకం కొన్నా, గోడలకు వేడిని ఆపే మంచి పొర వేయించినా, రాత్రి ఎనిమిది గంటలకు నాలుగు యూనిట్లు అవుతుంది. పైగా 12 వోల్టుల బ్యాటరీ మీద ఏసీ నడిపితే బ్యాటరీ తీగల్లో 90 యాంపియర్లకు పైగా ప్రవహిస్తుంది. బిగింపు కాస్త వదులైనా అక్కడ నిప్పు పుట్టవచ్చు. కాబట్టి బయట నుంచి కరెంటు దొరికినప్పుడే ఏసీ, బ్యాటరీ మీద ఫ్యాన్లు అని నియమం పెట్టుకోండి. మరీ పెద్ద లిథియం బ్యాటరీలున్న బండ్లకు మినహాయింపు ఉండవచ్చు. మామూలు కుటుంబాలకు ఇదే సరైన దారి.

రాబడి రెండు వైపుల నుంచి వస్తుంది. పైకప్పు మీద 400 వాట్ల సోలార్ ప్యానెళ్లు ఉంటే, మబ్బు లేని మే రోజున ఒకటిన్నర యూనిట్ వస్తుందని అనుకోవచ్చు. ఎండ ఎంత ముదిరితే అంత కరెంటు వస్తుందని ఆశించకండి. ప్యానెల్ వేడి 25 డిగ్రీలు దాటాక ఒక్కో డిగ్రీకి 0.35 నుంచి 0.4 శాతం చొప్పున దిగుబడి తగ్గుతుంది. మధ్యాహ్నం ప్యానెల్ 65 డిగ్రీలకు చేరితే ఏడో వంతు పోయినట్టే. అందుకే ప్యానెళ్లను పైకప్పుకు అంటించకుండా నాలుగు అంగుళాల ఎత్తులో బిగించమని చెప్పండి. కింద గాలి ఆడుతుంది, కప్పుకు నీడ కూడా దొరుకుతుంది. రెండో రాబడి ఇంజిన్. డైనమో నుంచి 30 యాంపియర్ల డీసీ చార్జర్ పెట్టించుకుంటే మూడు గంటల ప్రయాణంలో ఒక యూనిట్ బ్యాటరీలో చేరుతుంది. విజయనగరంలో బయలుదేరి జాతీయ రహదారి మీద పలాస దాకా వెళితే ఆ రోజు రాత్రి ఫ్యాన్లకు దిగులు ఉండదు.

ఏసీ లేకుండా రాబడి, ఖర్చు సరితూగుతున్నాయని మీ లెక్కలోనే తేలుతుంది. మీ పరికరాలు నిజంగా ఎంత తీసుకుంటున్నాయో తెలుసుకోవడానికి ప్లగ్గులో పెట్టే చిన్న వాట్ మీటర్ కొనండి. బయలుదేరే ముందు ఇంటి దగ్గరే ఒక్కొక్కటీ పెట్టి కొలవండి.

బండిని ఎటు తిప్పి ఆపాలి

ఈ రెండు జిల్లాలు భూమధ్యరేఖకు ఉత్తరంగా 18, 19 డిగ్రీల మధ్య ఉన్నాయి. మే రెండు, మూడు వారాల్లో ఇక్కడ మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అంటే మిట్టమధ్యాహ్నపు ఎండంతా పైకప్పు మీదే పడుతుంది, గోడలకు ఉదయం తూర్పు నుంచి, సాయంత్రం పడమటి నుంచి తగులుతుంది. బండి పొడవాటి పక్కలు తూర్పు పడమరలకు ఉంటే ఉదయం ఒకవైపు, సాయంత్రం ఇంకోవైపు పెద్ద గోడ మొత్తం కాలుతుంది. కాబట్టి ముక్కు తూర్పుకో పడమటికో ఉండేలా ఆపండి. అప్పుడు ఎండ తగిలేది చిన్న గోడలకే.

ముక్కు తూర్పుకా, పడమటికా? లోపలి ప్రాంతాల్లో, అంటే బొబ్బిలి, గజపతినగరం వైపు అయితే తూర్పుకు పెట్టండి. ముందు అద్దానికి ఉదయపు లేత ఎండ తగులుతుంది, మండే సాయంత్రపు ఎండ వెనుక తలుపు మీద పడుతుంది. తీరంలో మాత్రం పడమటికి పెట్టడమే మేలు. మన బండ్లకు ప్రయాణికుల తలుపు ఎడమ పక్కన ఉంటుంది. ముక్కు పడమటికి ఉంటే ఆ తలుపు దక్షిణానికి తెరుచుకుంటుంది. శ్రీకాకుళం తీరానికి సముద్రం ఆగ్నేయంగా ఉంది కనుక, సముద్రపు గాలి నేరుగా తలుపులో నుంచి లోపలికి వస్తుంది. దానికి బదులు ముందు అద్దానికి సాయంత్రపు ఎండను భరించాలి. అద్దాన్ని బయటి నుంచి మందపాటి గుడ్డతోనో, వెండి రంగు షీటుతోనో కప్పేయండి. లోపలి నుంచి కడితే ప్రయోజనం సగమే, ఎండ అద్దం దాటి వచ్చాక వేడి లోపలే ఉండిపోతుంది.

నీడ దొరికితే కొలతలన్నీ మారిపోతాయి. చింత, మర్రి, వేప కింద నిలిపిన బండికి ఏసీ అవసరమే సగం తగ్గుతుంది. చెట్టు కింద సోలార్ పనిచేయదు కదా అంటారు. నిజమే, ప్యానెల్‌లో ఒక మూల కొమ్మ నీడ పడినా దిగుబడి ఆ మూలకు మించి పడిపోతుంది. అయినా మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా మనుషులు బండిలో ఉంటే నీడనే ఎంచుకోండి. ఆ నాలుగు గంటల్లో వచ్చే సోలార్ కంటే, ఎండలో కాలిన కప్పును రాత్రి చల్లబరచడానికి అయ్యే కరెంటు ఎక్కువ. మనుషులు బయటికి వెళ్లిపోతే బండిని ఎండలోకి తీసి బ్యాటరీ నింపుకోండి. అరసవల్లి, శ్రీకూర్మం వంటి క్షేత్రాలకు వెళ్లినప్పుడు ఈ పద్ధతి బాగా కుదురుతుంది.

ఉద్దానంలో ఒక జాగ్రత్త. కొబ్బరి తోటల నీడ ఎంత చల్లగా ఉన్నా చెట్ల కింద బండి పెట్టకండి. కాయ పడితే ప్యానెల్ అద్దం పగులుతుంది, మనిషి నెత్తిన పడితే ఇంకేం చెప్పాలి. జీడి తోటలు నయం. కొమ్మలు కిందికి ఉంటాయి కనుక బండి ఎత్తు చూసుకుని, తోట యజమానిని అడిగి ఆపండి.

గాలిని తెలుసుకోండి

తీరంలోనూ లోపలి ఊళ్లలోనూ వేడి ఒక్కలాంటిది కాదు, కాబట్టి ఉపాయమూ ఒకటి కాదు. బారువ, భావనపాడు, చింతపల్లి తీరాల్లో థర్మామీటర్ 35 చూపించినా చెమట ఆరదు, గాలిలో తేమ అంత ఎక్కువ. అక్కడ నీళ్ల కూలర్ పెడితే ఉక్కపోత ఇంకా పెరుగుతుంది. అక్కడ పనికొచ్చేది కదిలే గాలి ఒక్కటే. పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది. అప్పుడు దక్షిణపు కిటికీలు, తలుపు దోమతెరతో తెరిచి, ఎదురుగా ఉన్న ఉత్తరపు కిటికీలో ఒక ఫ్యాన్‌ను బయటికి ఊదేలా పెట్టండి. 25 వాట్లతో బండి గాలి మొత్తం నిమిషాల్లో మారిపోతుంది. పొద్దుగూకాక సముద్రపు గాలి తగ్గి, కొంతసేపు ఆకు కదలదు. రాత్రి ముదిరాక భూమి మీది నుంచి సముద్రం వైపు గాలి తిరుగుతుంది. ఆ వేళకు ఫ్యాను దిశ మార్చి, ఉత్తరపు కిటికీ నుంచి లోపలికి లాగేలా పెట్టండి. తీరంలో కష్టమైన సమయం ఆ మధ్యలోనిదే, రాత్రి ఏడు నుంచి పది దాకా. బ్యాటరీలో మిగిల్చింది ఆ మూడు గంటల కోసమే అనుకోండి.

లోపలికి వెళితే పడమటి నుంచి పొడి వడగాలి వీస్తుంది. అక్కడ తడి పనిచేస్తుంది. వట్టివేళ్ల తడిక గానీ, తడిపిన గోనెపట్టా గానీ గాలి వచ్చే కిటికీకి కట్టి, వెనుక ఫ్యాను పెడితే చల్లదనం వెంటనే తెలుస్తుంది. గాలి పోయే దారి ఇంకోవైపు తెరిచి ఉండాలి. గాలి తేమగా మారిన రోజున తడిక తీసేయండి.

రెండు రకాల వేడీ భరించలేకపోతే, శృంగవరపుకోట మీదుగా ఘాట్ ఎక్కి అరకు వెళ్లిపోండి. దాదాపు 900 మీటర్ల ఎత్తులో మైదానం కంటే అయిదారు డిగ్రీలు తక్కువ ఉంటుంది. రాత్రంతా ఏసీకి అయ్యే కరెంటు అక్కడ మిగిలిపోతుంది.

లోపల పుట్టే వేడి

బయటి ఎండను ఆపి, లోపల పొయ్యి వెలిగిస్తే చేసిన పనంతా వృథా. ఇండక్షన్ పొయ్యి 1500 నుంచి 2000 వాట్లు, నీళ్లు కాచే కెటిల్ 1500 వాట్లు. ఇవి ఎండాకాలం బండిలో ఉండనే కూడదు. గ్యాసు పొయ్యిని బయట, గాలి మరుగున పెట్టుకుని తెల్లవారుజామునే రోజంతటి వంట ముగించండి. మధ్యాహ్నానికి చద్దన్నంలో మజ్జిగ, ఉల్లిపాయ సరిపోతాయి. చోడి అంబలి తాగి ఎండలో పనిచేసిన ప్రాంతం ఇది. తాటి ముంజలు, కొబ్బరి బొండాలు దారి పొడవునా దొరుకుతాయి, వాటికి ఫ్రిజ్ అక్కర్లేదు.

ఫ్రిజ్‌లో వేడి గిన్నె పెట్టకండి. వెనుక జాలీ దగ్గర సంచులు కుక్కకండి, అక్కడ గాలి ఆడకపోతే కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. బయట కరెంటు ఉన్న రాత్రి రెండు మూడు నీళ్ల సీసాలు గడ్డకట్టించి ఉంచితే, మర్నాడు మధ్యాహ్నం దాకా అవే చల్లదనాన్ని కాపాడతాయి. తాగే నీళ్లకు వేరే డబ్బా పెట్టండి. పిల్లలు ఫ్రిజ్ తలుపు ఎన్నిసార్లు తీస్తారో మీకు తెలుసు.

సాయంత్రం ఎండ దిగాక కప్పు మీద రెండు బకెట్ల నీళ్లు చల్లితే వేడి త్వరగా దిగిపోతుంది. మధ్యాహ్నం కాలుతున్న ప్యానెల్ అద్దం మీద మాత్రం చన్నీళ్లు పోయకండి, పగిలే ప్రమాదం ఉంది. పైకప్పుకు తెల్లటి వేడి తగ్గించే పెయింట్ ఎండాకాలానికి ముందే వేయించండి. ఈ మొత్తం వ్యవహారంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఫలితం ఇచ్చేది ఇంకొకటి లేదు.

ఇంకొకరి కరెంటు తీసుకునేటప్పుడు

రాత్రి ఏసీ కావాలంటే లాడ్జి ఆవరణలోనో, బంధువుల ఇంటి ముందో ప్లగ్గు అడగాల్సిందే. ఇక్కడే ప్రమాదాలు ఎక్కువ, కాబట్టి నిదానంగా చేయండి.

మొదట ఏ ప్లగ్గో చూడండి. చిన్న 6 యాంపియర్ల ప్లగ్గుకు ఏసీ పెట్టకండి. 16 యాంపియర్ల పెద్ద ప్లగ్గు కావాలి, దానికి ఎర్త్ నిజంగా పనిచేస్తూ ఉండాలి. ప్లగ్గులో పెట్టగానే ఎర్త్ ఉందో లేదో, వోల్టేజి ఎంతో చూపించే చిన్న టెస్టర్లు దొరుకుతాయి, ఒకటి దగ్గర ఉంచుకోండి. ఇనుప బండికి ఎర్త్ లేని కరెంటు ఇస్తే, ఎక్కడైనా తీగ తెగినప్పుడు బండి మొత్తానికి షాక్ వస్తుంది. తడి ఇసుకలో నిలబడి తలుపు పట్టుకునేది పిల్లలే. బండి లోపల, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపియర్ల ఆర్‌సీసీబీ తప్పకుండా పెట్టించండి.

తర్వాత తీగ. ఏసీ లోడుకు ఇరవై మీటర్ల దూరం లాగాలంటే 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, మూడు కోర్లది తీసుకోండి. చుట్టను పూర్తిగా విప్పి పరచండి. చుట్ట మీద ఉన్న తీగలో ఎక్కువ కరెంటు ప్రవహిస్తే వేడి బయటికి పోలేక లోపలి పొరలు కరుగుతాయి. ఏసీ వేసిన పావుగంటకు ప్లగ్గును చేత్తో తాకి చూడండి. వేడిగా ఉంటే వెంటనే ఆపండి.

వోల్టేజి విషయం. ఎండాకాలం సాయంత్రాలు ఊళ్లో అన్ని ఇళ్లలో ఏసీలు ఒకేసారి మొదలయ్యేసరికి 230 ఉండాల్సిన చోట 190 కూడా కనిపించవచ్చు. 200 లోపు ఉంటే స్టెబిలైజర్ లేకుండా ఏసీ నడపకండి, కంప్రెసర్ ఎక్కువ యాంపియర్లు లాగి వేడెక్కుతుంది. బ్యాటరీ చార్జింగ్‌ను పన్నెండు దాటాక, ఊరు నిద్రపోయాక పెట్టుకోండి. ఏసీ, చార్జర్, మిక్సీ ఒకేసారి వేయవద్దు.

ఏసీని 26 లేదా 27 దగ్గర పెట్టి, తోడుగా ఫ్యాను వేయండి. ఒక డిగ్రీ పెంచితే దాదాపు ఆరు శాతం కరెంటు మిగులుతుందని ఇంధన సామర్థ్య బ్యూరో లెక్క. పడకల భాగానికి, డ్రైవర్ సీటుకు మధ్య మందపాటి తెర కట్టండి. అవసరం లేని సగాన్ని చల్లబరచడం ఎందుకు? ఫిల్టర్‌ను రెండు రోజులకోసారి దులపండి, రోడ్డు దుమ్ము ఇంటి దుమ్ములా ఉండదు.

పొలంలో వ్యవసాయ మోటారు దగ్గరి నుంచి తీగ లాగవద్దు. అది రైతుకు సేద్యం కోసం ఇచ్చిన ఉచిత కరెంటు. వేరే పనికి వాడితే చిక్కుల్లో పడేది ఆ రైతే. పైగా అది త్రీఫేజ్ లైను, తెలియనివాళ్లు రెండు ఫేజుల మధ్య కలిపితే 415 వోల్టులు వచ్చి బండిలో పరికరాలన్నీ కాలిపోతాయి.

బ్యాటరీ, ఉప్పు గాలి, పిడుగులు

సీసం బ్యాటరీకి వేడే శత్రువు. పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. సీటు కింద పెట్టినా గాలి ఆడేలా, ఇంజిన్ వేడికి దూరంగా ఉంచండి. డిస్టిల్డ్ వాటర్ మట్టాన్ని వారానికోసారి చూడండి. లిథియం బ్యాటరీ మరీ వేడెక్కితే దానిలోని రక్షణ వ్యవస్థ చార్జింగ్ ఆపేస్తుంది. అది చెడిపోయిందని కంగారు పడకుండా నీడకు తీసుకెళ్లి చల్లారనివ్వండి. ఇన్వర్టర్ చుట్టూ అరచేతి వెడల్పు ఖాళీ వదలండి.

తీరంలో రెండు రాత్రులు ఉంటే ప్యానెల్ మీద సన్నటి ఉప్పు పొర పేరుకుంటుంది. తెల్లవారుజామున మంచినీళ్లతో తుడిచేయండి. బ్యాటరీ టెర్మినళ్లకు వాసలీన్ పూస్తే పచ్చటి తుప్పు పట్టదు.

మే సాయంత్రాల్లో ఉన్నట్టుండి ఈదురుగాలులు, పిడుగులు వస్తాయి. పడమట నల్లటి మబ్బు కనిపించినప్పుడే పందిరి గుడ్డ మడిచి, బయటి ప్లగ్గు తీసేయండి. ఉరుములు మొదలయ్యాక తీగ ముట్టుకోకండి.

జనరేటర్ ఉంటే బండికి కనీసం ఇరవై అడుగుల దూరంలో, గాలి బండి నుంచి దానివైపు వీచేలా పెట్టండి. దాని పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. అందరూ పడుకున్నాక నడపనే వద్దు. ఎండాకాలం తీరపు పల్లెల్లో చాలామంది ఆరుబయటే పడుకుంటారు, వాళ్ల నిద్ర కూడా చూడాలి.

సముద్రం వైపు లైట్లు కూడా ఆర్పేయండి. శ్రీకాకుళం తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. వేసవిలో గుడ్ల నుంచి బయటికి వచ్చే పిల్లలు వెలుతురును చూసి దారి తప్పుతాయి.

ఏసీ నడుస్తోంది కదా అని పిల్లలనో, పెద్దవాళ్లనో, కుక్కనో బండిలో ఉంచి తాళం వేసి వెళ్లకండి. ఊరి కరెంటు పోవడానికీ, లోడు మించితే కరెంటు ఆపేసే ఎమ్‌సీబీ పడిపోవడానికీ క్షణం చాలు. మూసిన బండి ఎండలో నిమిషాల్లో కొలిమి అవుతుంది. బండిలో ముసలివాళ్లు, నెలల పిల్లలు ఉంటే, బయటి కరెంటు దొరకని రాత్రి లాడ్జిలో గది తీసుకోండి. కళ్లు తిరగడం, మాట తడబడటం, ఒళ్లు కాలిపోతున్నా చెమట పట్టకపోవడం కనిపిస్తే నీడకు చేర్చి, ఒంటి మీద నీళ్లు పోస్తూ 108కి ఫోన్ చేయండి.

ఉదయం బయలుదేరేటప్పుడు ముందు ఏసీ, తర్వాత మెయిన్ స్విచ్, ఆ తర్వాతే ప్లగ్గు తీయండి. వాట్ మీటర్ చూసి ఎన్ని యూనిట్లు కాల్చారో ఇంటివాళ్లకు చెప్పండి. గృహ వినియోగంలో యూనిట్లు పెరిగితే శ్లాబు మారి వాళ్ల బిల్లు మీరు వాడినదానికంటే ఎక్కువ పెరగవచ్చు, అందుకని లెక్కకు మించి కొంత చేర్చి ఇవ్వండి. బంధువులైతే వద్దంటారు. అయినా పిల్లల చేతిలో పెట్టి రండి.